సోలార్ సెల్ లైనుకు సిలికాన్ సంపాదించడం ఎలా? ఓర్వకల్లు, కొప్పర్తి వైపు ఆలోచిస్తున్నవాళ్ళకు

"అన్నా, మన గుట్టల్లో యాడ జూసినా పలుగురాళ్ళే. అదే సిలికాన్ అంట కదా, మరి చైనా నుంచి ఎందుకు తెప్పించుకోవాల?"

నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇది అడుగుతారు. ఒకాయన నంద్యాల నుంచి సంచిలో రాళ్ళు కూడా పట్టుకొచ్చాడు. గని, మైలవరం, ఎన్.పి.కుంట సోలార్ పార్కుల్లో ప్యానెళ్ళు కంటికి కనిపించినంత మేర పరుచుకుని ఉంటే, వాటిని ఇక్కడే చేస్తే పోలా అనిపించడం సహజమే. పైగా ఓర్వకల్లు, కొప్పర్తి రెండింటికీ కేంద్రం 2024 ఆగస్టులో పారిశ్రామిక నగరాలుగా ఆమోదం ఇచ్చినప్పటి నుంచి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నా.

రాళ్ళ సంగతి ముందు తేల్చేద్దాం. పలుగురాయిలో సిలికాన్ ఉన్నమాట నిజమే, కానీ ఆక్సిజన్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది. దాన్ని బొగ్గుతో కలిపి ఆర్క్ ఫర్నేసులో కరిగిస్తే కిలోకు 11 నుంచి 13 యూనిట్ల కరెంటు మింగి 98, 99 శాతం సిలికాన్ వస్తుంది. సెల్‌కు అది పనికిరాదు. దాన్ని ట్రైక్లోరోసిలేన్ అనే ద్రవంగా మార్చి, మరిగించి ఆవిరి పట్టి శుద్ధి చేసి, మళ్ళీ సిలికాన్‌గా పేరిస్తే దశాంశం తర్వాత ఏడు తొమ్మిదులున్న స్వచ్ఛత, అంటే 99.9999999 శాతం, వస్తుంది. అదీ పాలీసిలికాన్. దాన్ని కరిగించి ఇంగాట్ (పొడవాటి దిమ్మె) లాగాలి, ఇంగాట్‌ను వజ్రపు తీగతో పలుచగా కోయాలి. అలా కోసిన రేకు పేరు వేఫర్. మీ సెల్ లైను, అంటే వేఫర్లను సెల్స్‌గా మార్చే మిషన్ల వరస, మొదట్లో మిషనులోకి వెళ్ళేది ఈ వేఫరే. కాబట్టి "సిలికాన్ సరఫరా" అంటే మీ వరకు వేఫర్ల సరఫరా. రాయి, పాలీ మీ గొడవ కాదు.

ఇంకో మాట, మొహమాటం లేకుండా. మీరు పెట్టేది మాడ్యూల్ లైను (సెల్స్‌ను ప్యానెల్‌గా బిగించేది) మాత్రమే అయితే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు, సెల్స్ కొనుక్కోండి. ఏడాదికి 50 మెగావాట్ల సెల్ లైను పెడతానంటే కూడా నేను వద్దనే అంటాను. అంత చిన్న ఆర్డరు పట్టుకుని వెళ్తే వేఫర్ కంపెనీవాళ్ళు కుర్చీ వెయ్యరు. కింద లెక్కలన్నీ 100 మెగావాట్లకు చూపిస్తున్నా. అది కూడా ఈ రోజుల్లో చిన్నదే, లెక్క సులువుగా ఉంటుందని తీసుకున్నా.

దగ్గర పెట్టుకోవలసినవి

- దిగుమతి–ఎగుమతి కోడ్, మీ బ్యాంకులో ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) పరిమితి, చెన్నైలో పనిచేసే ఒక మంచి కస్టమ్స్ ఏజెంటు (సీహెచ్‌ఏ).
- మీ మిషన్లు సరఫరా చేసిన కంపెనీ ఇచ్చిన వేఫర్ స్పెసిఫికేషన్ కాగితం. ఇది లేకుండా ఒక్క కొటేషన్ కూడా అడగొద్దు.
- 0.1 గ్రాము వరకు చూపించే త్రాసు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో వాడే రకం చాలు, రెండు కిలోల వరకు తూగాలి.
- మిల్లీవోల్టులు చూపించే మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్.
- పౌడరు లేని నైట్రైల్ గ్లోవ్స్, వాక్యూమ్ పెన్ (వేఫరును పీల్చి ఎత్తేది), ఒక చీకటి గది, పక్కవాటుగా పెట్టడానికి ఎల్ఈడీ ట్యూబు.
- దుమ్ము రాని, ఏసీ ఉన్న గోదాము. మే నెలలో కూడా ఏసీ ఆగకూడదు, అంటే జనరేటరు కూడా కావాలి.

రెసిస్టివిటీ (కరెంటుకు వేఫరు ఎంత అడ్డుపడుతుందో) కొలిచే ఫోర్ పాయింట్ ప్రోబ్ ఉంటే మరీ మంచిది. లైను మొదట్లో వేఫర్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఉంటే అదే కొలుస్తుంది.

1. ఎన్ని కావాలో గ్రాముల్లో, ముక్కల్లో లెక్క కట్టండి

ఎం10 అనే 182 మిల్లీమీటర్ల వేఫరు వైశాల్యం సుమారు 330 చదరపు సెంటీమీటర్లు. సెల్ సామర్థ్యం 25 శాతం అనుకుంటే ఒక్కోటి 8.25 వాట్లు ఇస్తుంది. అంటే మెగావాటుకు లక్షా 21 వేల వేఫర్లు, 100 మెగావాట్లకు కోటీ 21 లక్షలు. ఏడాదికి 340 పనిదినాలు, విరిగేవి, పక్కన పడేసేవి కలుపుకుంటే రోజుకు 37 వేలు.

ఇప్పుడు దారిలో ఎన్ని ఉండాలో చూడండి. ఆర్డరు తర్వాత వాళ్ళు కోసి ప్యాక్ చేయడానికి రెండు వారాలు, ఓడకు మూడు, పోర్టులో ఒకటి, ఆలస్యాలకు ఒకటి. మొత్తం ఏడు వారాలు, 49 రోజులు. 37 వేలను 49తో హెచ్చవేస్తే 18 లక్షల పైచిలుకు వేఫర్లు. అంటే మీ డబ్బు ఎప్పుడూ 18 లక్షల వేఫర్ల రూపంలో సముద్రం మీదో గోదాములోనో ఉంటుంది. బ్యాంకువాళ్ళ దగ్గర వర్కింగ్ క్యాపిటల్ అడిగేటప్పుడు ఈ అంకె చూపించండి. చాలామంది మిషన్ల ఖరీదే లెక్కేసి దీన్ని మరిచిపోతారు, మూడో నెలలో చేతులెత్తేస్తారు.

చైనా కొత్త సంవత్సరం జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ ముందూ వెనకా కలిపి రెండు మూడు వారాలు ఏ పనీ కదలదు. సంక్రాంతికి ముందే ఆ ఆర్డరు ఓడెక్కి ఉండాలి.

2. స్పెక్ మీరే రాయండి, అమ్మేవాడి కాగితం మీద సంతకం పెట్టొద్దు

టాప్‌కాన్, పెర్క్ అనేవి సెల్ తయారీ పద్ధతులు; ఎన్, పీ అంటే సిలికాన్‌లో ఏ మూలకం కలిపారో చెప్పే రకాలు. టాప్‌కాన్ లైనుకు ఎన్ టైపు వేఫరు కావాలి, పాత పెర్క్ లైనుకు పీ టైపు. ఇది తప్పితే అంతా తప్పినట్టే. ఆ తర్వాత:

సైజు. 182 అన్నంతమాత్రాన సరిపోదు. 182 బై 182, 182 బై 183.75, 182 బై 210 అన్నీ మార్కెట్లో తిరుగుతున్నాయి. మీ క్యాసెట్లు, గ్రాఫైటు బోట్లు (వేఫర్లను మిషన్లలో పట్టుకునేవి), అచ్చు స్క్రీన్లు దేనికి చేశారో ఆ సైజే కావాలి. ముప్పావు మిల్లీమీటరు తేడా వచ్చినా బోటులో కూర్చోదు.

మందం. ఎన్ టైపుకు ఇప్పుడు 130 మైక్రాన్లు మామూలు. పలుచనైతే చవక, కానీ కొత్త లైనులో, కొత్త కుర్రాళ్ళ చేతిలో, ఎక్కువ విరుగుతాయి. మొదటి ఆరు నెలలు 5 మైక్రాన్లు ఎక్కువ మందం అడిగి, ధర కొంచెం పోయినా, లైను కుదురుకున్నాక తగ్గించుకోండి.

రెసిస్టివిటీ. ఇక్కడ కొంచెం ఆగాలి. ఎన్ టైపు ఇంగాట్ లాగేటప్పుడు ఫాస్ఫరస్ కరిగిన సిలికాన్‌లోనే మిగిలిపోవాలని చూస్తుంది, గట్టిపడే భాగంలోకి తక్కువ పోతుంది. అందుకని ఇంగాట్ తల (ముందు గట్టిపడిన కొస) దగ్గర రెసిస్టివిటీ ఎక్కువ, తోక దగ్గర తక్కువ. ఒకే ఇంగాట్ నుంచి కోసిన వేఫర్లే తలకూ తోకకూ తేడాగా ఉంటాయి. అమ్మేవాడు వాటిని వేరు చేసి డబ్బాల్లో పెట్టి ఇవ్వాలి. మీరు "ఇంత నుంచి ఇంత వరకు" అని వెడల్పుగా రాస్తే మిగిలిపోయినవన్నీ కలిపి మీకు కట్టబెడతాడు. రేంజిని రెండు మూడు భాగాలు చేసి, ఒక డబ్బాలో ఒక భాగమే ఉండాలని, డబ్బా మీద రాసి ఉండాలని అడగండి.

ఇంకా మందంలో తేడా (టీటీవీ), కోత గీతల లోతు, వంపు, ఆక్సిజన్, కార్బన్, లైఫ్‌టైం (వెలుగుకు పుట్టిన చార్జి ఎంతసేపు నిలుస్తుందో). వీటికి అంకెలు మీ మిషన్ కంపెనీ కాగితంలోంచే ఎత్తి రాయండి.

ఆక్సిజన్, లైఫ్‌టైం గురించి ఒక హెచ్చరిక. పలుచటి ఉత్త వేఫరు మీద లైఫ్‌టైం కొలిస్తే పైపొరలోనే చార్జి పోయి తక్కువ చూపిస్తుంది. దాన్ని పట్టుకుని అమ్మేవాడితో గొడవకు దిగితే నవ్వుతారు. ఆక్సిజన్ కూడా ఇంగాట్ నుంచి కోసిన మందపాటి బిళ్ళ మీదే సరిగ్గా తెలుస్తుంది. కాబట్టి ఈ రెండింటికీ ప్రతి లాటుతోపాటు ఇంగాట్ రిపోర్టు అడగండి.

3. ఎవరి దగ్గర?

ప్రపంచంలో కోసే వేఫర్లలో నూటికి తొంభైకి పైగా చైనావే. మన దేశంలో ముంద్రాలో అదానీ వాళ్ళు ఇంగాట్, వేఫర్ మొదలుపెట్టారు, వాళ్ళ సెల్ లైన్లకే అది ముందు పోతుంది. పీఎల్‌ఐ (ఉత్పత్తికి తగ్గ ప్రోత్సాహకం ఇచ్చే) పథకం కింద పాలీసిలికాన్ నుంచి ప్యానెల్ దాకా అంతా చేయడానికి ఎంపికైనవాళ్ళలో మన కడపకు చెందిన షిరిడీ సాయి ఎలక్ట్రికల్స్ కూడా ఉంది. దేశంలో వేఫర్ దొరికే రోజుకు సిద్ధంగా ఉండండి, కానీ ఆ రోజును నమ్ముకుని ఈ ఏడాది లైను పెట్టొద్దు.

దారులు మూడు. నేరుగా వేఫర్ కంపెనీతో ఏడాది ఒప్పందం. ట్రేడరు దగ్గర స్పాట్ కొనుగోలు, అంటే ఆ రోజు ధరకు. మూడోది, పాలీ మీరు కొని వేఫర్ కంపెనీకి జాబ్ వర్క్‌కు ఇవ్వడం. ఇది పెద్దవాళ్ళ ఆట, చూసి వదిలేయండి.

నా సలహా: అవసరంలో మూడింట రెండొంతులు ఒక కంపెనీతో, పావు వంతు ఇంకో కంపెనీతో, మిగిలిన కాస్త స్పాట్‌లో. ఒక్కరి మీదే ఆధారపడితే ఏమవుతుందో 2020 జూలైలో చూశాం. షిన్‌జియాంగ్‌లో ఒక పాలీసిలికాన్ కర్మాగారంలో పేలుడు జరిగింది, కొద్ది వారాల్లోనే ధరలు ప్రపంచమంతా ఎగిరాయి.

ట్రేడరు దగ్గర కొనేటప్పుడు "ఏ గ్రేడ్" అన్న మాటను నమ్మకండి. ఆ అక్షరానికి అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. డబ్బా మీద తయారీ కంపెనీ లేబులు, ఇంగాట్ నంబరు, తేదీ ఉన్నాయా, లేబులు మీద లేబులు అంటించారా, అది చూడండి.

4. నమూనా లాటు: ఇది వదిలారో, మునిగారు

అయిదు పది వేఫర్లు కొరియర్‌లో తెప్పించుకుని "బాగున్నాయి" అనడం నమూనా కాదు. పెళ్ళిచూపుల్లో పట్టుచీర ఎవరైనా కడతారు. కనీసం ఆరేడు వేల వేఫర్లు, వేర్వేరు ఇంగాట్లవి, తలవీ తోకవీ కలిపి తెప్పించండి. వాటిని మీ లైనులో మొదటి నుంచి చివరి దాకా నడిపి, సెల్ అయ్యాక కొలవండి. పక్కనే మీకు ముందే తెలిసిన వేఫర్లను కూడా అదే రోజు, అదే బ్యాచ్‌లో నడపండి. లేకపోతే తప్పు వేఫర్‌దో, మీ డిఫ్యూజన్ కొలిమిదో (వేఫరులోకి వేరే మూలకాన్ని వేడితో ఎక్కించేది) తెలియదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను తిన్న దెబ్బ ఇది. నేను పర్చేజ్ చూసే ఒక కర్మాగారంలో ఒక కొత్త సరఫరాదారు ధర వాటుకు కొన్ని పైసలు తగ్గించాడు. వేఫర్లు చేతిలో పట్టుకుంటే అద్దాల్లా ఉన్నాయి. బరువు, రెసిస్టివిటీ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లైనులో పూర్తిగా నడపడానికి నాలుగు రోజులు పడుతుందంటే, ఆ నాలుగు రోజులు ఎందుకని నేనే సంతకం పెట్టాను. పది రోజుల తర్వాత టెస్టింగ్ గదిలో అమ్మాయి పిలిచి స్క్రీన్ చూపించింది. సెల్ మధ్యలో నల్లటి వలయాలు, చెట్టు మొద్దు కోస్తే కనిపించే చక్రాల్లా, ఒకదాని చుట్టూ ఒకటి. ఆక్సిజన్ ఎక్కువున్న వేఫర్లు టాప్‌కాన్ లైనులోని వేడికి ఇలా బయటపడతాయి. వేఫరుగా ఉన్నప్పుడు కంటికి ఏమీ కనపడదు. ఫిర్యాదు గడువు సరుకు అందిన ఏడు రోజులు. అది దాటి మూడు రోజులైంది.

అందుకే రెండు నియమాలు. ఒకటి, కొత్త కంపెనీ అయినా, పాత కంపెనీ కొత్త ఫర్నేసు నుంచి ఇచ్చినా, ముందు నమూనా లాటు. రెండోది తర్వాతి మెట్టులో.

5. ఒప్పందం: ధర కాదు, ధర కట్టే పద్ధతి రాసుకోండి

"ఇప్పుడు చవగ్గా ఉన్నాయి కదా, మూడేళ్ళకు ఫిక్స్ చేసుకోమంటావా?" ఇది రెండో పెద్ద ప్రశ్న.

కొంచెం వెనక్కి చూడండి. పాలీసిలికాన్ కిలో 2008లో స్పాట్ మార్కెట్లో 400 డాలర్లు దాటింది. ఆ భయంలో చాలా కంపెనీలు పదేళ్ళ ఒప్పందాలు రాసుకుని ముందే డబ్బు కట్టాయి. 2012 చివరికి ధర 20 డాలర్ల లోపుకు పడిపోయింది. కొనకపోయినా డబ్బు కట్టాల్సిందేనన్న షరతుకు చిక్కినవాళ్ళు కోర్టులకెక్కారు. పాలీసిలికాన్ చేసే అమెరికా కంపెనీ హెమ్‌లాక్ వేసిన కేసులో జర్మనీ సోలార్‌వరల్డ్ అనుబంధ సంస్థను సుమారు 79 కోట్ల డాలర్లు కట్టమని 2016లో అమెరికా కోర్టు చెప్పింది, మరుసటి ఏడాదే సోలార్‌వరల్డ్ దివాలాకు వెళ్ళింది. తర్వాత 2020 మధ్యలో పాలీ 7 డాలర్ల కింద, 2022లో 40 డాలర్ల దగ్గర, 2024లో మళ్ళీ 5 డాలర్ల ప్రాంతం. ఆదోని పత్తి ధర కూడా ఇంత ఊగదు.

కాబట్టి మూడేళ్ళ ఫిక్స్‌డ్ ధర వద్దు, మూడేళ్ళ పరిమాణం కావాలి. ధరను నెలకోసారి, ఇన్ఫోలింక్, ఎనర్జీట్రెండ్ లాంటివాళ్ళు వారం వారం ఇచ్చే సగటు మార్కెట్ ధరకు ముడిపెట్టండి. ఆ సగటుకు పైన, కింద ఒక హద్దు. ఒప్పందంలో ఈ వాక్యాలు ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోండి:

- నెలవారీ పరిమాణం 20 శాతం అటూ ఇటూ మార్చుకునే హక్కు మీకు.
- ఫిర్యాదు గడువు రెండు రకాలుగా: కంటికి కనిపించే లోపాలకు సరుకు అందిన 15 రోజులు, సెల్ అయ్యాకే బయటపడే లోపాలకు (పైన చెప్పిన వలయాల్లాంటివి) 60 రోజులు. ఇదే ఆ రెండో నియమం.
- లోపమున్నవాటికి బదులు వేఫర్లు ఇవ్వాలి, క్రెడిట్ నోటు కాదు. క్రెడిట్ నోటు లైనును నడపదు.
- పాలీ ఎక్కడిదో, ఇంగాట్ ఏ ప్లాంటుదో మార్చేముందు రాతపూర్వకంగా చెప్పాలి. మీ సెల్స్ రేపు అమెరికాకు వెళ్ళే ప్యానెల్‌లో పడే అవకాశం ఉంటే ఇది తప్పనిసరి. షిన్‌జియాంగ్ సరుకు మీద 2022 జూన్ నుంచి అక్కడ చట్టం అమల్లో ఉంది, పాలీ దాకా కాగితాలు అడుగుతారు.
- పన్ను మారితే భారం ఎవరిది? చైనా 2024 డిసెంబర్ 1 నుంచి వేఫర్లు, సెల్స్, మాడ్యూళ్ళ ఎగుమతి పన్ను వాపసును 13 శాతం నుంచి 9కి తగ్గించింది. ఈ వాక్యం లేనివాళ్ళ ధర రాత్రికి రాత్రి పెరిగింది.

ముందస్తు చెల్లింపు అడిగితే 10 శాతం దాటొద్దు, అది కూడా బ్యాంకు గ్యారంటీ మీద. మిగతాది ఎల్‌సీ.

6. కస్టమ్స్, డీసీఆర్ (దేశీయ సరుకే వాడాలన్న నిబంధన) కాగితాలు

ఇది సీహెచ్‌ఏ పని, మీరు రెండు సంగతులు తెలుసుకుంటే చాలు. డిఫ్యూజన్ చేయని వేఫర్లు 3818 శీర్షిక కింద వస్తాయి, సెల్స్ 8541 కింద. సుంకం, ఐజీఎస్టీ రేట్లు బడ్జెట్ బడ్జెట్‌కు మారతాయి కాబట్టి ప్రతి ఆర్డరుకు ముందు ఆ వారం రేటు సీహెచ్‌ఏ చేత రాతలో తెప్పించుకోండి.

రెండోది ముఖ్యం. కొందరు ట్రేడర్లు "సగం పని అయిపోయిన వేఫర్లు, మీకు కొలిమి ఖర్చు మిగులుతుంది" అని డిఫ్యూజ్ చేసిన నల్ల వేఫర్లో నీలి వేఫర్లో అంటగడతారు. వాటితో చేసిన సెల్ దేశీయంగా తయారైనట్టు లెక్కకు రాదని కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఏనాడో స్పష్టం చేసింది. పీఎం సూర్యఘర్, కుసుమ్ లాంటి పథకాలకు దేశీయ సెల్సే కావాలి. పైగా 2026 జూన్ 1 నుంచి ఏఎల్ఎంఎం (ప్రభుత్వం ఆమోదించిన తయారీదారుల) జాబితాలో సెల్స్ కూడా చేరుతున్నాయి. మీరు సెల్ లైను పెట్టేదే ఈ గిరాకీ కోసం. ఆ గిరాకీని కొలిమి ఖర్చుకు అమ్ముకోకండి.

ప్రతి ఇన్‌వాయిస్ మీద "డిఫ్యూజన్ చేయని వేఫర్లు" అని రాయించండి. దిగుమతి బిల్లు నంబరు, లాటు నంబరు, ఆ లాటుతో చేసిన సెల్స్ నంబర్లు ఒకే రిజిస్టరులో ఉండాలి. తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగేది అదే.

7. పోర్టు నుంచి గోదాము దాకా

ఓడ సరుకు మామూలుగా చెన్నై వైపు దిగుతుంది. అత్యవసరమైతే విమానంలో బెంగళూరుకు తెప్పించుకుని, దేవనహళ్ళి నుంచి 44వ జాతీయ రహదారి మీద నేరుగా అనంతపురం, కర్నూలు తెచ్చుకోవచ్చు.

చెన్నై నుంచి కడపకు బండి రాజంపేట మీదుగా రమ్మనండి. రాయచోటి వైపు వస్తే గువ్వలచెరువు ఘాటు మలుపులు, పైగా డ్రైవరు పాలకోవాకు ఆగకుండా ఉండడు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి కావాలి. మామూలు లారీకి వేఫరు ఎక్కిస్తే స్పీడుబ్రేకరు స్పీడుబ్రేకరుకూ మీ లాభం విరుగుతుంది. ప్యాలెట్ల మీద షాక్ స్టిక్కర్లు అంటించి పంపమనండి, గట్టి దెబ్బ తగిలితే అవి ఎర్రబడతాయి. బీమా అమ్మేవాడి గోదాము నుంచి మీ గోదాము దాకా ఉండాలి. పోర్టు దాకా ఉన్న బీమాతో ప్రయోజనం లేదు, ఎందుకంటే పగిలేది చాలావరకు రోడ్డు మీదే.

8. సరుకు దిగాక ఏం చూడాలి?

డబ్బాలు దిగగానే విప్పకండి. ఎండలో నలభై రెండు డిగ్రీల్లో వచ్చిన డబ్బాను ఏసీ గదిలో ఒక రోజు మూసే ఉంచండి. వానాకాలంలో ఇది ఇంకా ముఖ్యం. తేడా ఉన్నప్పుడు విప్పితే చెమ్మ పట్టవచ్చు, చెమ్మ మచ్చలు టెక్స్చరింగ్‌లో (వేఫరు పైభాగాన్ని రసాయనాలతో గరుకు చేసే మెట్టు) కూడా పోవు.

డ్రైవరు ఉండగానే స్టిక్కర్లు, నొక్కుకుపోయిన మూలలు ఫోటో తీసి, డెలివరీ కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. బండి వెళ్ళిపోయాక తీసిన ఫోటోకు బీమావాడు విలువ ఇవ్వడు.

తర్వాత ప్రతి ప్యాలెట్ నుంచి పైన, మధ్యలో, అడుగున ఒక్కో డబ్బా తీయండి. అడుగుదాన్ని తప్పకుండా తీయాలి, మంచివి పైన పెట్టడం ఉల్లిగడ్డల మూటల కాడి నుంచి ఉన్న విద్యే.

*తూకం.* 182 బై 182 వేఫరు 130 మైక్రాన్ల మందమైతే సరిగ్గా 10 గ్రాములు. సిలికాన్ సాంద్రత 2.33 కాబట్టి. వంద వేఫర్ల కట్టను, చుట్టిన ప్లాస్టిక్, అట్టలు తీసేసి, త్రాసు మీద పెట్టండి. కిలో రావాలి. 10 మైక్రాన్లు పలుచనైతే కిలోకు 77 గ్రాములు తగ్గుతుంది. 923 గ్రాములు చూపిస్తే 120 మైక్రాన్ల వేఫర్లు 130 ధరకు అంటగట్టారన్నమాట. పది గ్రాములు, ఇరవై గ్రాములు తగ్గితే లెక్కలో ఒకటి రెండు వేఫర్లు తక్కువున్నాయేమో ముందు చూడండి. ఈ ఒక్క పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది, ఇన్నేళ్ళలో నాకు ఎక్కువ డబ్బు మిగిల్చింది ఇదే. మీ వేఫరు వేరే సైజైతే వైశాల్యాన్ని మందంతో, 2.33తో హెచ్చవేసుకోండి, అన్నీ సెంటీమీటర్లలో.

*ఎన్నా, పీనా?* సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక ప్లగ్గు పీకేయండి. మల్టీమీటరు ఎర్ర తీగను ఐరన్ కొనకు క్లిప్పు పెట్టి, ఆ కొనను వేఫరుకు ఒక చోట ఆనించండి. నల్ల తీగను కొంచెం దూరంలో ఆనించండి. మిల్లీవోల్టులు పాజిటివ్ వైపు కదిలితే ఎన్ టైపు, నెగటివ్ వైపు కదిలితే పీ టైపు. ముందు టైపు కచ్చితంగా తెలిసిన వేఫరు మీద ఒకసారి చేసి మీ తీగలు తారుమారు కాలేదని చూసుకోండి. పరీక్ష చేసిన వేఫరును మళ్ళీ కట్టలో పెట్టొద్దు, ఐరన్‌కున్న తగరం, సీసం కొలిమిని పాడుచేస్తాయి. విరిగిన ముక్క మీద చేస్తే ఏ గొడవా లేదు.

*వెలుగు.* చీకటి గదిలో ట్యూబును వేఫరుకు పక్కవాటుగా పెట్టండి. వజ్రపు తీగ గీతలు సన్నగా, సమంగా, దువ్వెనతో దువ్వినట్టు ఉండటం మామూలే. ఒక్క గీత లోతుగా, మిగతావాటి నుంచి వేరుగా మెరిస్తే అది లోపం. అంచుల్లో గోరంత ముక్క లేచిపోయినా ఆ వేఫరు లైనులో ఏదో ఒక చోట విరుగుతుంది, విరిగిన ముక్కలు పక్కవాటిని కూడా గీస్తాయి. కట్ట మొత్తాన్ని అంచుల వైపు నుంచి చూస్తే చిట్లినవి ఒకేసారి కనిపిస్తాయి.

రెసిస్టివిటీ: డబ్బాకు పది వేఫర్లు, మధ్యలోనూ అంచు దగ్గరా. డబ్బా మీద రాసిన భాగంలోనే ఉన్నాయా?

లోపలి సన్నటి పగుళ్ళు కంటికి కనిపించవు, వాటికి పరారుణ కెమెరానో ఫోటోల్యూమినిసెన్సో (వెలుగు పడ్డాక వేఫరు తిరిగి వెదజల్లే కాంతిని చూసే పరీక్ష) కావాలి. పెద్ద గొడవ వచ్చి బయటి సాక్ష్యం కావాలంటే ఐఐటీ బాంబేలోని ఎన్‌సీపీఆర్‌ఈ (సోలార్ పరిశోధనా కేంద్రం) లాంటి చోట్ల పరీక్షా సదుపాయాలు ఉన్నాయి.

9. నిల్వ

20–25 డిగ్రీలు, తేమ 60 శాతం లోపు, ముందొచ్చింది ముందు వాడటం. చుట్టిన ప్లాస్టిక్ విప్పిన కట్ట ఆ షిఫ్టులోనే అయిపోవాలి. చేత్తో ముట్టుకోవద్దని చెబితే మావాళ్ళు "చేతులు కడుక్కున్నాం సార్" అనేవారు. ఒకరోజు కావాలనే ఒక వేఫరు మీద బొటనవేలు ఆనించి లైనులో వేశాను. టెక్స్చరింగ్ నుంచి బయటికొచ్చేసరికి నా వేలిముద్ర, గీతలతో సహా, తెల్లగా అచ్చుపడి ఉంది. దాన్ని గ్లోవ్స్ పెట్టె పైన అంటించాం. ఆ తర్వాత చెప్పాల్సిన పని రాలేదు.

విరిగిన ముక్కల్ని చీపురుతో ఊడ్చి చేత్తో ఎత్తొద్దు, బ్లేడు కంటే పదును. వాటిని శుభ్రంగా, ఎన్, పీ వేరువేరుగా డ్రమ్ముల్లో దాస్తే కరిగించేవాళ్ళు కొంటారు. కలిపేస్తే చెత్త ధరే.

మనవాళ్ళు తరచూ చేసే పొరపాట్లు

మిషన్లు వచ్చాక వేఫర్లు వెతకడం. మిషన్ల ఆర్డరు రోజే వేఫరు సైజు ఖరారు కావాలి, నమూనా లాటు మిషన్లు బిగించే సమయానికే గోదాములో ఉండాలి.

వేఫరు ధరను ముక్కకు పోల్చడం. 182 బై 210 వేఫరు ముక్క ధర ఎక్కువే, వాటుకు చూస్తే తక్కువ కావచ్చు. ఎప్పుడూ మంచి సెల్ అయి బయటికొచ్చిన వాటుకు ఎంత పడిందో చూడండి. 100కు 4 విరిగే చవక వేఫరు, 100కు 1 విరిగే ఖరీదు వేఫరు కంటే ఒక్కోసారి ఎక్కువ పడుతుంది.

రూపాయి–డాలరు మరిచిపోవడం. ఎల్‌సీ 90 రోజులదైతే 90 రోజుల తర్వాత రేటుకు కడతారు. సగమైనా ఫార్వర్డ్ కవర్ (డాలరు రేటును ముందే ఖరారు చేసుకోవడం) తీసుకోండి.

వాట్సాప్‌లో ఒప్పుకోవడం. "సరే, ఈసారి 125 మైక్రాన్లు పంపిస్తాం, ధర తగ్గిస్తాం" అని మెసేజ్ వస్తుంది, బొటనవేలు గుర్తు పెట్టేస్తారు. ఆ గుర్తుతో ఒప్పందంలోని స్పెక్ పోయినట్టే. అలాంటిది వస్తే జవాబు మెయిల్లో, ఒప్పందం నంబరు రాసి, "నమూనా లాటు నడిపాక చెబుతాం" అని మాత్రమే ఇవ్వండి.